చుక్కల మందు వేయించుకునే పూట వంటెవరు చేస్తారు?

షుగరు వల్ల చూపు దెబ్బతిన్న ఆడమనిషి గురించి మన ఇళ్ళలో ముందుగా వినిపించే మాట "అశ్రద్ధ". ముందే చూపించుకోవాల్సింది, అశ్రద్ధ చేసింది అంటారు భర్తగారు. అమ్మ ఏదీ నోరు విప్పి చెప్పదు, అశ్రద్ధ అంటాడు కొడుకు. ఇంత ఆలస్యంగానా వచ్చేది, ఇంత అశ్రద్ధ అయితే ఎలాగమ్మా అంటారు డాక్టరుగారు. నాలుగు వైపుల నుంచీ ఇదే వినీ వినీ చివరికి ఆ మనిషి కూడా "నాదేలెండి అశ్రద్ధ" అని ఒప్పేసుకుంటుంది. కూరలో ఉప్పెక్కువైనా, పిల్లాడికి మార్కులు తగ్గినా ఒప్పేసుకున్నట్టే.

నేను ఒప్పుకోను. పాల లెక్క, గ్యాస్ బుకింగు, అత్తగారి బీపీ మాత్రలు, పిల్లల ఫీజు గడువు, ఆడపడుచు కూతురి పెళ్ళికి పెట్టాల్సిన చీర. వీటిలో ఒక్కటీ మర్చిపోని మనిషికి తన కళ్ళ దగ్గరకి వచ్చేసరికి అశ్రద్ధ ఎక్కణ్ణుంచి వచ్చింది? శ్రద్ధ లేక కాదు. ఆ శ్రద్ధకి కావాల్సిన ఒక పూటా, ఒక తోడూ ఆవిడకి ఇంట్లో దొరకలేదు. ఈ రోజు కొంచెం కటువుగానే రాస్తాను. నొచ్చుకునేవాళ్ళుంటే నొచ్చుకోండి.

నాకు ఏడేళ్ళుగా షుగరు. రెండో కాన్పప్పుడు వచ్చి పోయింది, మళ్ళీ తర్వాత వచ్చి ఉండిపోయింది. గర్భంతో ఉన్నప్పుడు షుగరు వచ్చినవాళ్ళకి తర్వాత అసలు షుగరు వచ్చే అవకాశం ఎక్కువని మనలో చాలామందికి ఎవరూ చెప్పరు. కాన్పయింది, షుగరు పోయింది, బారసాలకి లడ్డూలు పంచేశారు, అక్కడితో అయిపోయిందనుకుంటారు. మూడేళ్ళ క్రితం నా రెండు కళ్ళలోనూ రెటీనా దెబ్బతినడం మొదలైందని తేలింది. ఎడమ కంట్లో మధ్య భాగానికి వాపు కూడా వచ్చింది. ఇంజెక్షన్లు వేయించుకున్నాను, ఇంకా అప్పుడప్పుడు వేయించుకుంటున్నాను. ఈ వ్యాసం నేనే చదువుకుంటూ నేనే టైపు చేస్తున్నాను. కాబట్టి భయపెట్టడానికి రాస్తున్నది కాదిది.

జబ్బు ఏమిటో నాకు అర్థమైనంత వరకూ చెప్తాను. కంటిగుడ్డు వెనక గోడకి లోపలి వైపున రెటీనా అని పల్చటి పొర ఉంటుంది. సినిమా హాల్లో తెర అనుకోండి. దానికి రక్తం అందించే నాళాలు మహా సన్నవి. ఏళ్ళ తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే వాటి గోడలు బలహీనపడి చిన్న చిన్న బుడిపెలు లేస్తాయి. వాటిలోంచి నీరూ, కొవ్వూ, రక్తమూ కొద్దికొద్దిగా కారతాయి. కొన్ని నాళాలు మూసుకుపోతాయి. రక్తం అందని చోట కన్ను తనే కొత్త నాళాలు మొలిపించుకుంటుంది. మంచిదే కదా అనిపిస్తుంది. కాదు. ఆ కొత్తవి నాసిరకం సరుకు. ఇట్టే చిట్లిపోయి కంటి లోపలి జెల్లీలోకి రక్తం వదులుతాయి. ముదిరితే రెటీనానే పట్టి లాగి ఊడదీస్తాయి. ఇది ఒక దారి. ఇంకో దారి, రెటీనా నడిమధ్యన మాక్యులా అనే చోట నీరు చేరి వాయడం. చదవడానికీ, సూదిలో దారం ఎక్కించడానికీ, ఎదుటి మనిషి ముఖం పోల్చుకోవడానికీ పనికొచ్చే చూపంతా ఆ చిన్న చోటే ఉంది.

ఇదంతా జరుగుతున్నంత సేపూ నొప్పి ఉండదు. కన్ను ఎర్రబడదు. నీళ్ళు కారవు. చాలాకాలం చూపు కూడా తగ్గదు. ఈ ఒక్క ముక్క దగ్గరే మన ఇళ్ళన్నీ బోల్తా పడుతున్నాయి. "బాగానే కనిపిస్తోందిగా" అనేది మనకి తెలిసిన ఏకైక కంటి పరీక్ష. బియ్యంలో రాళ్ళు ఏరుతోందిగా, పంచాంగం చదువుతోందిగా, ఇక కళ్ళకేం? మధ్య భాగం దెబ్బతిననంత వరకూ చుట్టూ ఎంత పాడైనా రాళ్ళు ఏరగలం. పైగా ఒక కన్ను తగ్గితే రెండోది సర్దుకుంటుంది. రెండు కళ్ళూ తెరిచి చూసినంతకాలం మనకి తెలియను కూడా తెలియదు. ఇంటి కోడళ్ళలాగే అవీను, ఒకరి పని ఒకరు లాక్కుంటూ పైకి తెలియనివ్వవు.

అందుకే టైప్ 2 షుగరు ఉందని తెలిసిన నాడే ఒకసారి, ఆ తర్వాత ఏడాదికోసారి రెటీనా చూపించుకోవాలంటారు. తెలిసిన నాడే ఎందుకంటే, మనకి తెలిసేటప్పటికే అది ఒంట్లో కొన్నేళ్ళుగా ఉండి ఉండవచ్చు. చిన్నప్పుడే వచ్చే టైప్ 1 అయితే వచ్చిన అయిదేళ్ళ లోపు మొదలుపెట్టి అలాగే ఏటా చూపించాలి. షుగరు ఉన్న అమ్మాయి గర్భం దాలిస్తే ముందే ఒకసారి, లేదంటే మొదటి మూడు నెలల్లో తప్పనిసరిగా చూపించాలి. ఆ తర్వాత కూడా డాక్టరు చెప్పిన ప్రకారం చూపిస్తూ ఉండాలి, ఎందుకంటే గర్భంతో ఉన్నప్పుడు ఇది తొందరగా ముదరగలదు. సీమంతానికి గాజులు ఎన్ని డజన్లు అని లెక్క వేసే ఇళ్ళలో ఈ లెక్క వేసినవాళ్ళని నేను ఇంతవరకూ చూడలేదు.

ఇది ఏదో అరుదైన సంగతి కూడా కాదు. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే ప్రకారం మన దేశంలో షుగరు ఉన్నవాళ్ళు 10 కోట్ల పైచిలుకు. 2015 నుంచి 2019 దాకా చేసిన జాతీయ సర్వేలో, యాభై దాటిన షుగరు రోగుల్లో 16.9 శాతం మందికి రెటీనా దెబ్బతిని ఉంది. అంటే సుమారుగా ఆరుగురిలో ఒకరికి. మీ అపార్టుమెంటులో సాయంత్రం పార్కు బెంచీల మీద కూర్చునే పెద్దవాళ్ళని ఒకసారి లెక్కపెట్టుకోండి.

సరే, చూపించుకోవాలి. చూపించుకోవడం అంటే ఏమిటో కూడా చెప్తాను, ఎందుకంటే అసలు తగాదా అక్కడే ఉంది.

కళ్ళజోడు షాపులో అక్షరాలు చదివించి నంబరు రాసివ్వడం రెటీనా పరీక్ష కాదు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలైంది, ఆంధ్రలో 2019 అక్టోబరులో మొదలైంది. ఊళ్ళలో ఎంతోమంది ఆడవాళ్ళు జీవితంలో మొదటిసారి కళ్ళు చూపించుకున్నారు, జోళ్ళు పెట్టుకున్నారు. చాలా మంచి పని. కానీ జోడు వచ్చింది కదా, కళ్ళ పని అయిపోయిందని ఇంట్లోవాళ్ళు అనుకుంటే మాత్రం చిక్కే. జోడు నంబరు వేరు, రెటీనా వేరు. ఇంకో మాట. షుగరు ఎక్కువ తక్కువలవుతున్నప్పుడు కంటి లోపలి కటకం ఉబ్బి, తగ్గి, నంబరు కూడా మారిపోతూ ఉంటుంది. షుగరు ఒక దారికి రాకుండా కొత్త జోడు చేయిస్తే రెండు నెలలకి అది పనికిరాకుండా పోవచ్చు. అప్పుడు మళ్ళీ ఆవిడకే అక్షింతలు, "మొన్నేగా చేయించాం!"

రెటీనా చూడాలంటే మామూలుగా కంట్లో చుక్కల మందు వేస్తారు. కంటిపాప పెద్దది అయ్యేదాకా అరగంటో ముప్పావుగంటో కళ్ళు మూసుకుని కూర్చోవాలి. అప్పుడు డాక్టరు లోపలికి లైటు వేసి చూస్తారు, ఫోటో తీస్తారు, అవసరమైతే ఓసీటీ అని స్కాను చేస్తారు. దేంట్లోనూ నొప్పి లేదు. కానీ ఆ తర్వాత నాలుగైదు గంటలు దగ్గరివేవీ కనిపించవు. ఎండలోకి వస్తే కళ్ళు జిగేల్‌మంటాయి. బండి నడపకూడదు. ఒంటరిగా రోడ్డు దాటడం కూడా ప్రమాదమే. తోడు మనిషిని తెచ్చుకోమంటారు.

ఇప్పుడు చెప్పండి. మన ఇళ్ళలో ఆడమనిషికి లేనిదేమిటి? పరీక్ష చేయించుకునే తెలివా? ఆ నాలుగైదు గంటలా?

పొద్దున్న టిఫిన్లు, బాక్సులు అయ్యాక బయల్దేరాలి. మధ్యాహ్నం ఇంటికొచ్చాక కత్తిపీట ముందు కూర్చోకూడదు, పొయ్యి దగ్గర నిలబడ్డా గిన్నెలో ఏముందో తెలియదు. అంటే ఆ పూట ఇంట్లో వంట ఇంకెవరైనా చేయాలి, లేదా బయటి నుంచి తెచ్చుకోవాలి. ఒకరు ఆఫీసు మానాలి. ఇద్దరి పని ఆగిపోవాలి. ఏడాదికి ఒక్క పూట ఈ మాత్రం సర్దుబాటు చేసుకోలేని ఇల్లు, పదేళ్ళ తర్వాత "అశ్రద్ధ" అని ఆవిడ మీద పేరు పెడుతుంది. కారు సర్వీసింగుకి తారీఖు గుర్తుంటుంది. ఏసీకి ఏడాదికోసారి మనిషిని పిలిపించడం గుర్తుంటుంది. ఎల్‌ఐసీ ప్రీమియం ఒక్క రోజు ఆలస్యమవదు. సర్వేంద్రియానాం నయనం ప్రధానం అనేది ఎవరి నయనం గురించో మరి!

మా పిన్ని కథ చెప్తాను. కథ కాదు, లెక్క. తెనాలి దగ్గర పల్లె. ఆవిడకీ షుగరు, బాబాయికీ షుగరు. బాబాయి కళ్ళు ఏటా చూపించుకుంటాడు, పిన్నే బస్సులో వెంట వెళ్తుంది, చేయి పట్టుకుని తీసుకొస్తుంది. షుగరు డాక్టరు పిన్నికి కూడా రెటీనా చూపించమని చీటీ రాసిచ్చారు. ఆ చీటీ దేవుడి గూట్లో కుంకుమ భరిణె కింద రెండేళ్ళకి పైగా ఉంది. ఎందుకుందో నేను ఒక్కొక్కటీ అడిగి తెలుసుకున్నాను. మొదట నాట్లు, కూలీలకి అన్నాలు. తర్వాత మరిది కొడుకు పెళ్ళి. తర్వాత కార్తీకమాసం. సంక్రాంతికి అల్లుడు వస్తాడు. ఎండాకాలం కోడలి పురుడు, మూడు నెలలు బెంగుళూరు. వచ్చేసరికి బాబాయికి కాలిపుండు, రోజూ కట్టు కట్టాలి. మళ్ళీ నాట్లు. వీటిలో ఒక్కటైనా పిన్ని తన కోసం పెట్టుకున్న పని ఉందేమో మీరే చూడండి.

ఒకరోజు పొద్దున్న ఆవిడ కుడి కంటి ముందు సాలెగూడు వేలాడుతున్నట్టనిపించింది. గోడకి పట్టిందేమోనని చీపురు తీసుకుని దులపబోయిందట. సాయంత్రానికి ఆ కంటికి మసి పూసినట్టయింది. లోపల రక్తం కారింది. ఆపరేషను చేసి ఆ రక్తం తీశారు, లేజర్ చేశారు. ఎడమ కన్ను నిలబడింది. కుడి కంటితో ఇప్పుడు ముఖానికి దగ్గరగా వేళ్ళు పెడితే లెక్కపెట్టగలదు. ఆసుపత్రిలో కేసుషీటు మీద ఏం రాశారో గానీ, బయట వరండాలో బంధువులందరూ రాసింది మాత్రం ఆ ఒక్క మాటే. అశ్రద్ధ.

నాకు ఇంకా మండే సంగతేమిటంటే, ఇది ఆపలేని జబ్బు కాదు. లేజర్‌తో చూపు పూర్తిగా పోయే ప్రమాదం సగానికి పైగా తగ్గుతుందని 1970ల్లోనే తేలింది. నేను పుట్టకముందు సంగతి! లేజర్ పోయిన చూపుని తెచ్చిపెట్టదు, ఉన్నదాన్ని కాపాడుతుంది. కాబట్టి ఎంత ఉండగా వెళ్ళామన్నదే అంతా. మధ్య వాపుకి ఇప్పుడు కంట్లోకి ఇంజెక్షన్లున్నాయి, వాటితో చాలామందికి చూపు కొంత మెరుగవుతుంది కూడా. మందుల్లో రకాలున్నాయి. ఖరీదైనవీ ఉన్నాయి, బెవాసిజుమాబ్ అని చవకదీ ఉంది. అడిగితే చెప్తారు. అడగాలి.

కంట్లో ఇంజెక్షనంటే నాకూ ప్రాణం పోయినట్టయింది మొదటిసారి. ముందు తిమ్మిరి చుక్కలు వేస్తారు, కన్ను శుభ్రం చేస్తారు, సూది లోపలికెళ్ళి బయటికి రావడానికి నాలుగు సెకన్లు. నొక్కినట్టుంటుంది. పచ్చిమిరపకాయలు తరిగిన చెయ్యి కంట్లో పెట్టుకోవడం దీనికంటే నరకం. తర్వాత కొద్దిరోజులు కంట్లో నీళ్ళు పడకూడదు, తలస్నానం వద్దంటారు. నొప్పి పెరిగినా, ఎర్రదనం పెరిగినా, చూపు తగ్గినా ఆ రోజే పరుగెత్తాలి. మొదట్లో నెలకొకటి చొప్పున వేస్తారు, తర్వాత స్కాను చూసి ఎడం పెంచుతారు. మధ్యలో మానేస్తే వాపు మళ్ళీ వస్తుంది.

ఒకసారి నా ఇంజెక్షను తారీఖు సరిగ్గా వరలక్ష్మీ వ్రతం ముందురోజు పడింది. వాయిదా వేసుకోమన్నారు. తలంటు పోసుకోకుండా కలశం ఎలా పెడతావన్నారు. ఈ మాట అన్నది మగవాళ్ళు కాదండోయ్, ఇద్దరు పెద్దావిడలు. నేను ఇంజెక్షను వేయించుకొచ్చి, మర్నాడు మెడ కింద నుంచి స్నానం చేసి కలశం పెట్టాను. అమ్మవారు ఏమీ అనలేదు. పెద్దావిడలు మాత్రం ఇప్పటికీ అంటున్నారు.

ఇక మనకి సలహాలిచ్చే పత్రికల సంగతి. "మహిళలూ, మీ ఆరోగ్యం మీ చేతుల్లోనే" అని శీర్షిక పెడతారు. నడవండి, కొర్రలు తినండి, మెంతులు నానబెట్టుకోండి, ఒత్తిడి తగ్గించుకోండి. వీటిలో తప్పేమీ లేదు. షుగరు అదుపులో ఉంచుకుంటే కన్ను నిలబడుతుందనడానికి గట్టి రుజువులున్నాయి. 1993లో వచ్చిన డీసీసీటీ అనే అధ్యయనంలో, టైప్ 1 ఉండి కళ్ళు ఇంకా బాగున్నవాళ్ళలో షుగరుని గట్టిగా అదుపు చేస్తే ఈ కంటిజబ్బు వచ్చే ప్రమాదం 76 శాతం తగ్గింది. 1998లో ఇంగ్లండు వాళ్ళ యూకేపీడీఎస్ అధ్యయనంలో, టైప్ 2 వాళ్ళకి బీపీ బాగా అదుపు చేస్తే రెటీనా జబ్బు ముదరడం 34 శాతం తగ్గింది. బీపీ మాట మళ్ళీ చదవండి. షుగరుకి కంటిజబ్బుతో ఉన్న లంకె మనకి తెలుసు, బీపీకి ఉన్న లంకె చాలామందికి తెలియదు. మూడు నెలల షుగరు పరీక్ష, బీపీ, కొలెస్టరాల్, మూత్రంలో ప్రొటీన్, అన్నీ కన్నుతో కలిపి చూడాల్సినవే. రెటీనా దెబ్బతిన్న చాలామందికి కిడ్నీలు కూడా దెబ్బతినడం మొదలై ఉంటుంది.

కానీ "మీ చేతుల్లోనే" అన్నారు చూడండి, అక్కడ నాకు తగాదా. అందరి భోజనాలూ అయ్యాక మూడింటికి తినే మనిషి చేతుల్లో ఏముంది? రాత్రి మిగిలిన అన్నం పారేయలేక పొద్దున్న పులిహోర కలుపుకుని తినేది ఎవరు? శనివారం ఒక్కపొద్దు, ఏకాదశి ఉపవాసం, మాత్ర వేసుకుని పూజ అయ్యేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టకపోవడం. కళ్ళు తిరిగితే "నీరసం" అంటారు, అది షుగరు పడిపోవడం కావచ్చని ఆలోచించరు. నడకకి వెళ్ళమంటారు, ఏ టైముకి? పొద్దున్న ఆరింటికి పార్కులో నడుస్తున్నవాళ్ళలో ఇల్లాళ్ళు ఎంతమంది, ఆ నడకలోంచి ఇంటికొచ్చేసరికి వేడి కాఫీ అందుకునేవాళ్ళు ఎంతమంది?

పైగా అదుపులో ఉంటే పరీక్ష అక్కర్లేదనేది ఇంకో అపోహ. షుగరు ఎన్నేళ్ళుగా ఉందన్నది కూడా లెక్కే. రిపోర్టు 6.8 వచ్చినా ఏడాదికోసారి కన్ను చూపించాల్సిందే.

"ఇన్సులిన్ మొదలుపెట్టారు, కళ్ళు పోయాయి" అనే మాట మీరూ వినే ఉంటారు. ఇన్సులిన్ దాకా వచ్చేసరికే చాలామందికి షుగరు ఏళ్ళ తరబడి ముదిరి ఉంటుంది, కన్ను అప్పటికే దెబ్బతిని ఉంటుంది, నేరం సూది మీద పడుతుంది. ఇందులో నిజం కొంచెం ఉంది. చాలా ఎక్కువగా ఉన్న షుగరుని ఒక్కసారిగా తగ్గిస్తే, అప్పటికే పాడైన రెటీనా మొదట్లో కొంత ముదరవచ్చు. దానికి మందు మానేయడం విరుగుడు కాదు. మందు గట్టిగా మార్చే ముందు రెటీనా చూపించుకోవడం విరుగుడు. అంటే మళ్ళీ ఆ పూటా, ఆ తోడే. యూట్యూబులో కంట్లో తేనె పోయమనేవాళ్ళ గురించి ఎక్కువ రాయను. జబ్బు కంటి వెనక ఉంది. నందివర్ధనం పూలు రెప్పల మీద పెట్టుకుంటే చల్లగా ఉంటుంది, అంతవరకే.

నాకు ఎదురు చెప్పేవాళ్ళు ఒక మాట అంటారు, అది నిజమే కాబట్టి దాటవేయను. "మేం తీసుకెళ్తామన్నా ఆవిడే రానంటుంది, నాకేం పరవాలేదంటుంది." అవును, అంటుంది. మా పిన్నీ అంది. కానీ ఆ "పరవాలేదు" వెనక ఉన్న లెక్క చూడండి. ఆయన సెలవు పెట్టాలి, సెలవు పెట్టినందుకు నాలుగు రోజులు ముభావంగా ఉంటాడు. డబ్బు అడగాలి. అక్కడ ఏదైనా ఉందని తేలితే ఇంకా ఖర్చు, ఇంకా రాకపోకలు. వీటన్నిటికంటే పరవాలేదు అనడం చవక. ఎన్నోసార్లు అడిగి చూసి, ఎదుటివాళ్ళ ముఖాలు చూసి నేర్చుకున్న మాట అది. తీసుకెళ్తాను అనడానికీ, "బుధవారం పదింటికి, ఆటో చెప్పాను, మధ్యాహ్నం పెరుగన్నం నేను కలుపుతాను" అనడానికీ చాలా తేడా ఉంది. రెండో మాట అన్న ఇంట్లో ఏ ఆడమనిషి పరవాలేదంటుందో నాకు చూపించండి.

డబ్బు సంగతి నిజమైన సంగతే. హైదరాబాదులో సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది, ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి 1987 నుంచీ ఉంది, స్తోమత లేనివాళ్ళకి ఉచితంగా చూస్తారు. దూరం వెళ్ళలేనివాళ్ళు జిల్లా ఆసుపత్రి కంటి విభాగంలో ముందు అడగండి. పరీక్ష ఖర్చుకీ, ముదిరాక ఆపరేషను ఖర్చుకీ పొంతనే లేదు.

చూపు కొంత పోయినవాళ్ళ గురించి కూడా రాయాలి, వాళ్ళ బతుకు అక్కడితో ఆగిపోలేదు. మా పిన్ని ఇప్పటికీ వంట చేస్తుంది. స్టవ్ నాబ్ ఆపేసే వైపు ఎర్ర స్టిక్కరు బొట్టుబిళ్ళ అతికించింది. స్టీలు కంచంలో తెల్లన్నం కలిసిపోయి కనపడదని ముదురు రంగు పళ్ళెం కొనుక్కుంది. వాకిలి మెట్ల అంచులకి తెల్ల రంగు వేయించింది. ఇన్సులిన్ సిరంజీ మీద గీతలు కనపడవు కాబట్టి పెన్ను వాడుతుంది, టిక్కు టిక్కుమని చప్పుడు లెక్కపెట్టుకుంటుంది. ఉదయం మాత్రల అట్టకి ఒక రబ్బరు బ్యాండు, రాత్రివాటికి రెండు. ఇవేవీ ఆసుపత్రిలో ఎవరూ చెప్పినవి కావు, తనే కనిపెట్టుకుంది. చూపు తగ్గినవాళ్ళకి భూతద్దాలూ, పరికరాలూ ఇచ్చి నేర్పే విభాగాలు పెద్ద కంటి ఆసుపత్రుల్లో ఉంటాయి. అడిగి తెలుసుకోండి. ఈ తెలివీ ఓపికా ఉన్న మనిషిని పట్టుకునే కదా అశ్రద్ధ అన్నారు.

నేను ఏం చేస్తున్నానో చెప్తాను. మా వంటింటి గోడ మీద క్యాలెండరులో నా కంటి తారీఖు ఎర్ర ఇంకుతో ఉంటుంది. అది నేను రాయను, ఆయన చేత రాయిస్తాను. రాసినవాళ్ళకే ఆ రోజు సెలవు. పాత స్కాన్లన్నీ ఒక ఫైలులో ఉంటాయి. నల్ల కళ్ళద్దాలు సంచిలో ఉంటాయి. డాక్టరుని మూడు అడిగి, జవాబు చీటీ మీద రాయించుకుని వస్తాను. ఏ దశలో ఉంది, మధ్యలో వాపు ఉందా లేదా, మళ్ళీ ఎప్పుడు రావాలి. దశ ముదిరేకొద్దీ ఏడాది కాస్తా ఆరు నెలలూ, మూడు నెలలూ అవుతుంది కాబట్టి మూడో ప్రశ్న ముఖ్యం. ఇంట్లో రోజూ ఒక కన్ను మూసి ఇంకో కంటితో కిటికీ ఊచలు చూస్తాను. నిట్టనిలువు ఊచ వంకరగా కనిపించినా, కొత్తగా నల్లమచ్చలు తేలినా, తెర పడినట్టున్నా తారీఖు కోసం ఆగను. దీనివల్ల పరీక్ష తప్పదు, కానీ ఒక కన్ను చాటున ఇంకో కన్ను దాక్కోకుండా ఉంటుంది.

చివరగా అమెరికాలో, బెంగుళూరులో ఉండి ఆదివారం ఆదివారం వీడియో కాల్లో "అమ్మా, షుగరెంత ఉంది?" అని అడిగే అబ్బాయిలకీ అమ్మాయిలకీ. అమ్మ నూట ముప్ఫై అంటుంది, మీరు గుడ్ అంటారు, ఫోను నాన్న చేతికి వెళ్తుంది. ఈ ఆదివారం ఇంకోలా అడగండి. చుక్కల మందు వేసి రెటీనా చూసింది ఏ తారీఖున? వెంట ఎవరెళ్ళారు? ఆ పూట వంట ఎవరు చేశారు? అమ్మ మాట మారిస్తే, ఫోను నాన్నకిమ్మని, ఆయన్ని అడగండి.